ఒక్క నొక్కుకు ఒక్క పని

అమెరికాలో రైఫిల్‌తో గురి సాధన చేసేవాళ్ల ఇళ్లలో, చాలాసార్లు గ్యారేజీ మూలన, కదలని బరువైన బల్ల ఒకటి ఉంటుంది. దాని అంచుకు బోల్టులతో బిగించిన ఇనప ప్రెస్ ఒకటి. పేల్చిన తూటాల ఇత్తడి కేసులను ఏరుకొచ్చి, ఆ ప్రెస్ మీదే మళ్లీ తూటాలుగా కట్టుకుంటారు. ఈ పనిని రీలోడింగ్ అంటారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏ ప్రెస్ కొనాలి, ఏ త్రాసు కొనాలి అని నెలల తరబడి చర్చించుకుంటారు. ఆ చర్చలో ధరలే ఎక్కువగా వినిపిస్తాయి. ఆ పరికరాల్లోని పనితనం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నా మటుకు నాకు ఎంపికకు అదే అసలు కొలత.

ఇది అక్కడి చట్టం ఒప్పుకునే వ్యాపకం. మన దేశంలో ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. కాబట్టి ఇక్కడి పాఠకులకు ఇది ఒక లోహపు పనితనం కథ. అమెరికాలో స్థిరపడి, అక్కడి రేంజిలకు వెళ్లే తెలుగువాళ్లకు మాత్రం బల్ల మీది విషయం.

తూటాలో భాగాలు నాలుగు: ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర గుండు. పేలాక మళ్లీ పనికొచ్చేది కేసు ఒక్కటే. నాలుగింటిలో సాధారణంగా ఖరీదైనదీ అదే. రాగి 70 పాళ్లు, జింకు 30 పాళ్లు కలిసిన ఆ ఇత్తడికి సాగే గుణం ఉంది. పేలుడు ఒత్తిడికి ఉబ్బి తుపాకి చాంబరు గోడలకు అతుక్కుంటుంది, ఒత్తిడి తగ్గగానే కొంచెం ముడుచుకుని బయటికి వస్తుంది. అయితే పూర్తిగా పాత కొలతకు రాదు. దాన్ని కొలతకు తేవడం, కాలిన ప్రైమర్ తీసి కొత్తది కూర్చడం, మందు తూచి పోయడం, గుండు నిలబెట్టడం: రీలోడింగ్ అంటే ఈ నాలుగు పనులే.

ఈ ప్రెస్‌ల కథలో ఫ్రెడ్ హంటింగ్టన్ పేరు మరువలేనిది. కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో, 1943లో, యుద్ధకాలంలో గుండ్లు దొరకని రోజుల్లో, తండ్రి లాండ్రీ వెనక చిన్న గదిలో ఆయన డైలు, అంటే లోహాన్ని కొలతకు నొక్కే అచ్చులు, చేయడం మొదలుపెట్టాడు. కాల్చి పారేసిన .22 రిమ్‌ఫైర్ కేసులనే పైతొడుగుగా మలిచి చిన్న గుండ్లు చేసే డైలు అవి. అక్కడ మొదలైన ఆర్‌సీబీఎస్ సంస్థే తర్వాత రాక్ చకర్ అనే ప్రెస్‌ను తెచ్చింది. ఆకుపచ్చ రంగు పోత ఇనుముతో చేసిన ఆ యంత్రం దశాబ్దాలుగా కొత్తవాళ్ల మొదటి ప్రెస్‌గా నిలబడి ఉంది.

దాని చట్రం ఇంగ్లిష్ ‘ఓ’ అక్షరంలా అన్ని వైపులా మూసుకుని ఉంటుంది. చౌక ప్రెస్‌లు కొన్ని ‘సి’ అక్షరంలా ఒకవైపు తెరుచుకుని ఉంటాయి. వాటిలో చెయ్యి పెట్టడం సులువే, కానీ బిగువైన కేసును డైలోకి నెట్టేటప్పుడు ఆ నోరు కంటికి కనిపించనంత విచ్చుకుంటుంది. విచ్చుకున్న ప్రతిసారీ డైకీ, కేసును పైకి మోసే ర్యామ్‌కీ మధ్య వరుస తప్పుతుంది. మూసిన చట్రంలో ఆ బలం రెండు పక్కల సమంగా పంచుకోబడుతుంది. తర్వాత పిడి కింద ఉన్న కీళ్లు చూడండి. పిడిని కిందికి లాగుతుంటే ర్యామ్ పైకి లేస్తుంది. మొదట వేగంగా, తేలిగ్గా. చివరికొచ్చేసరికి ఆ కీళ్లు ఒకే గీతలోకి వస్తూ, ర్యామ్ కదలిక తగ్గి, తోపు అనేక రెట్లు పెరుగుతుంది. కేసు డైలో ఎక్కువగా ఎదురుతిరిగేది కూడా సరిగ్గా ఆ చివరి భాగంలోనే. ఎక్కడ బలం కావాలో అక్కడే బలం పుట్టేలా కీళ్ల పొడవులు లెక్కవేసిన మనిషికి చేతులెత్తి మొక్కాలి.

ఇల్లినాయ్‌లోని లానార్క్‌లో తయారయ్యే ఫార్‌స్టర్ కో-యాక్స్ ప్రెస్‌ది ఇంకో ఆలోచన. అందులో డైని మరతో బిగించరు, ముందునుంచి గాడిలోకి జారుస్తారు. కొంచెం కదిలే స్వేచ్ఛ డైకి ఉంటుంది, కేసు అంచును పట్టే దవడలకూ ఉంటుంది. రెండూ తమకు తామే ఒక వరుసలోకి వస్తాయి. గట్టిగా బిగించి వరుస సాధించడం ఒక దారి, వదిలిపెట్టి సాధించడం ఇంకో దారి. రెండోదే కష్టమైన పనితనమని నేను నమ్ముతాను. కో-యాక్స్ రాక్ చకర్ కంటే ఖరీదు.

డై దగ్గర మెచ్చుకోవలసింది దాని పైమర. చాలా సంస్థల డైలకు ఒకటే కొలత: 7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 చుట్లు. ఒక పూర్తి చుట్టు తిప్పితే డై దాదాపు 1.8 మిల్లీమీటర్లు దిగుతుంది, పావు చుట్టుకు అర మిల్లీమీటరు కూడా దిగదు. పోటీ సంస్థలన్నీ ఒకే మరకు కట్టుబడడం వల్ల ఒకరి ప్రెస్‌లో ఇంకొకరి డై ఇముడుతుంది. పిస్టల్ తూటాల తిన్నని కేసుల కోసం లోపల టంగ్‌స్టన్ కార్బైడ్ ఉంగరం కూర్చిన డైలు వచ్చాయి. ఆ ఉంగరం ఎంత గట్టిదో అంత నునుపు, కేసుకు చమురు పూయక్కర్లేదు. రైఫిల్ కేసులకు మెడ సన్నం కాబట్టి చమురు తప్పదు. తక్కువైతే కేసు డైలో ఇరుక్కుంటుంది, ఎక్కువైతే మెడ కింది భుజం దగ్గర సొట్టలు పడతాయి. ఎంత పూయాలో పుస్తకం కన్నా వేళ్లే బాగా నేర్పుతాయి.

ఇక త్రాసు. డబ్బు తక్కువుంటే ప్రెస్ దగ్గర సర్దుకోండి, త్రాసు దగ్గర సర్దుకోకండి. మందును గ్రెయిన్లలో తూస్తారు. ఒక పౌనుకు 7000 గ్రెయిన్లు, అంటే ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు. తూకం తేడా గ్రెయిన్‌లో పదో వంతుకు మించకూడదు. మన కంసాలి గురివింద గింజతో పోలిస్తే అది గింజ బరువులో ఇరవయ్యో వంతుకు దగ్గర. అంత సన్నని తూకాన్ని కరెంటు లేకుండా, చిప్పు లేకుండా, ఒక కాడతో సాధించారు. ఓహాస్ సంస్థ ఆర్‌సీబీఎస్ కోసం చేసిన 5-0-5, 10-10 త్రాసులను ఇప్పటికీ వెతికి కొంటారు. కత్తి అంచులా సానబెట్టిన ఉక్కు, దాని కింద అగేట్ రాయి. ఆ రెండూ తాకే చోట రాపిడి లేనట్టే. కానీ రాపిడి లేని కాడ ఊగుతూనే ఉంటుంది. దాన్ని ఆపడానికి అయస్కాంతానికి అంటుకోని లోహపు రేకును కాడకు తగిలించి, అయస్కాంతాల మధ్య ఆడనిచ్చారు. రేకు కదిలినంతసేపూ అందులో సుడి విద్యుత్తు పుట్టి కదలికను అడ్డుకుంటుంది, ఆగగానే ఆ అడ్డు మాయం. తూకంలో రవ్వంత తేడా రాదు. ఏమీ తాకకుండా ఆపే ఈ ఏర్పాటంత అందమైనది రీలోడింగ్ బల్ల మీద ఇంకోటి లేదు. ఎలక్ట్రానిక్ త్రాసు వేగంగా చెబుతుంది, నిజమే. గాలి వీచినా, వేడెక్కకముందే వాడినా అంకె జారుతుంది. ఏది కొన్నా, సరిచూసుకునే తూకపు రాళ్లు పక్కన ఉండాలి.

మందును కొలిచి పోసే మెజర్ తూచదు, గుంతను నింపి వంచుతుంది. అది ఘనపరిమాణపు లెక్క. గుండ్రని రేణువుల మందు నీళ్లలా జారి ప్రతిసారీ ఒకేలా నిండుతుంది. పుల్లల్లాంటి మందు అడ్డం పడి, తిప్పే డ్రమ్ము అంచున తెగుతుంది. ఆ కరకర చేతికి తెలుస్తుంది. అలాంటప్పుడు కాస్త తక్కువ పోసి, మిగతాది త్రాసు పళ్లెంలో చిటికె చిటికెగా రాల్చుకోవడమే మేలు.

ఒక్క లాగుకు ఒక తూటా బయటపడే ప్రోగ్రెసివ్ యంత్రాలూ ఉన్నాయి. అరిజోనాలో, స్కాట్స్‌డేల్‌లో చేసే నీలిరంగు డిల్లన్ 550లో నాలుగు స్థానాలు, నాలుగు కేసుల మీద ఒకేసారి నాలుగు పనులు. వారానికి వందల తూటాలు కాల్చే పోటీదారుకు అది న్యాయమే. కొత్తవాడికి నేను చెప్పను. త్వరగా కాలే పిస్టల్ మందు చాలాసార్లు కేసులో సగం కూడా నిండదు, పొరపాటున రెండుసార్లు పోసినా అందులో ఇమిడిపోతుంది. ఆ తూటా తుపాకిని పగలగొడుతుంది, చేతిని కూడా. నాలుగు పనుల మీద కన్ను పెట్టడం నేర్చేలోపు ఒక్కో పని మీద నిలిపి నేర్చుకోవాలి. రాక్ చకర్ లాంటి సింగిల్ స్టేజ్ ప్రెస్‌లో యాభై కేసులూ ఒక పని ముగించాకే రెండో పనికి వెళ్తాయి. మందు పోసిన యాభైనీ రంధ్రాల చెక్కలో వరుసగా నిలబెట్టి, టార్చితో లోపలి మట్టాలు చూడొచ్చు. ఆ చెక్క బల్ల మీద దాదాపు అన్నిటికన్నా చవక. లేకుండా పని మొదలుపెట్టొద్దు. కళ్లద్దాలూ అంతే, ఏ తూటాకు ఎంత మందో చెప్పే అచ్చయిన లోడ్ డేటా పుస్తకమూ అంతే. బల్ల మీద ఒక్క రకం మందే ఉండాలి, అదీ కొన్న డబ్బాలోనే.

ఇంకా చిన్నగా మొదలుపెట్టాలనుకుంటే విస్కాన్సిన్‌వాసి రిచర్డ్ లీ 1958లో మొదలుపెట్టిన లీ లోడర్ ఉంది. అరచేతిలో పట్టే డబ్బాలో డై, కడ్డీ, మందు కొలిచే చెంచా. ప్రెస్ బదులు కొయ్య సుత్తి. రైఫిల్ కేసుకు మెడ మాత్రమే సరిచేస్తుంది, అందుకే పేల్చిన రైఫిల్‌లోనే మళ్లీ వాడే కేసులకు సరిపోతుంది. నిదానం, కాని ఒక్కో దెబ్బకు ఏం జరుగుతోందో మొత్తం తెలుస్తుంది.

పాత రాక్ చకర్ దొరికితే వెనకాడకండి. ర్యామ్‌ను సగం పైకి లేపి పక్కలకు ఊపి చూడండి, అడుగున కీళ్ల పిన్నులు వదులయ్యాయేమో తడమండి, పైన డై బిగించే మరలో గోరు పోనిచ్చి అరుగుదల చూసుకోండి. మూడూ బిగువుగా ఉంటే మీద తుప్పు ఉన్నా ఫరవాలేదు, నూనె గుడ్డతో పోతుంది. దుకాణంలో ఇవాళ కొన్న డై ఆ పాత మరలో చక్కగా కూర్చుంటుంది.