పండిత సుందర్‌లాల్: నిషిద్ధ గ్రంథము, గుప్త నివేదిక

పండిత సుందర్‌లాల్ పేరు హిందీ పాఠకులకు "భారత్ మే అంగ్రేజీ రాజ్" అను బృహద్గ్రంథము వలన పరిచితము. 1929లో అది వెలువడిన కొద్ది దినములకే ఆంగ్ల ప్రభుత్వము దానిని నిషేధించినది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట భారత ప్రభుత్వపు ప్రచురణ విభాగమే దానిని ముద్రించినది. ఆయన పేరుతో ముడివడిన మఱియొక రచన కలదు. పరిమాణమున మిక్కిలి చిన్నది; దాని గతి మాత్రము ఇంతకన్న విచిత్రమైనది. దాని నెవరును నిషేధింపలేదు. ప్రకటింపలేదు, అంతే.

1948 సెప్టెంబరు 13 మొదలు 17 వఱకు హైదరాబాదు సంస్థానముపై జరిగిన సైనిక చర్యకు "పోలీసు చర్య" యని పేరు. దాపఱికము ఆ నామకరణముతోనే ఆరంభమైనదని నాకు తోచును. తదనంతరము గ్రామములలో ముస్లిములపై ఘోరమైన హింస జరిగినదను వార్తలు ఢిల్లీకి చేరగా, ప్రధాని నెహ్రూ కోరికపై సుందర్‌లాల్, ఉర్దూ రచయితయు "పయామ్" పత్రికా సంపాదకుడునగు కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ కలసి నవంబరు 29 నుండి డిసెంబరు 21 వఱకు సంస్థానమున పర్యటించిరి. 16 జిల్లాలలో 9 జిల్లాలు తిరిగిరి. తాము పోజాలని 109 గ్రామములకు చెందిన 500 మందికి పైగా జనులను విచారించిరి. మృతులు తక్కువలో తక్కువ 27 వేలు మొదలు 40 వేల వఱకు నుందురని వారి అంచనా. నల్లగొండ, మెదకు, ఔరంగాబాదు, బీడు జిల్లాలలోనే కనీసము 5 వేలు. దోపిడిలో సైనికులు, పోలీసులు కొందఱు పాల్గొన్న ఉదంతములకు తిరుగులేని సాక్ష్యము తమకు లభించినదనియు వారు వ్రాసిరి.

"అంగ్రేజీ రాజ్" వాదప్రధానమైన గద్యము. ఆంగ్లేయుల వ్రాతలనే సాక్ష్యముగా తెచ్చి, పుటలకు పుటలు వారి నెత్తిన మోపును. చదువరిని ఊపిరి తీసికొననీయదు. నివేదికలో ఆ న్యాయవాది కానరాడు. కుళ్ళుచున్న శవములతో నిండిన బావులను పలుచోట్ల తమకు చూపిరనియు, అట్టి యొక బావిలో 11 దేహములను లెక్కించితిమనియు, అందొక స్త్రీ రొమ్మున పసిబిడ్డ యంటియున్నదనియు అందు వ్రాయబడినది. ఆ వాక్యమున శోకమును పెంచు విశేషణ మొక్కటియు లేదు. "చూచితిమి" యని ఊరకొనక "లెక్కించితిమి" యనుటలోనే వాక్యబలమంతయు నున్నది. బావిగట్టున నిలిచి, వంగి, ఒకటి రెండని లెక్కపెట్టిన మనుష్యులు మనకు కనబడుదురు. కెమెరా చేయవలసిన పనిని ఆ లెక్క చేసినది.

నిజమైన ఛాయాచిత్రముల విషయమున ఇట్టి వివాదమే అమెరికాలో నడచినది. ఇరాకులోని అబూ గ్రైబ్ చెఱసాలలో బందీలను హింసించుచు సైనికులే తీసికొన్న చిత్రములు 2004లో బయటపడినవి. తక్కిన చిత్రములను గూడ చూపుడని అచటి పౌరహక్కుల సంఘము న్యాయస్థానమున పోరాడగా, 2009లో అధ్యక్షుడు ఒబామా మొదట అంగీకరించి, పిదప సైనికుల ప్రాణములకు ముప్పని వెనుదీసెను. ఆ యేడే అందుకొఱకు చట్టము చేసిరి. 2016లో 198 చిత్రములు వెలువడినవి. అధిక భాగము మఱుగుననే మిగిలినది. జనులు ఉద్రేకింతురను వాదము ప్రతి ప్రభుత్వమునకును కంఠస్థమే. దానికన్న బరువైనది వేఱొకటి కలదు: వివస్త్రుడై నిలిచిన బందీ తన్ను లోకము మరల చూచుట కొప్పుకొన్నాడా? ఛాయాచిత్రమున కీ చిక్కు తప్పదు. సుందర్‌లాల్ వాక్యమున కది లేదు. బావిలోని తల్లి ముఖము మన కగపడదు. ఆమె మరణము మాత్రము తెలియును. కావున నివేదికను దాచుటకు ఆ సాకు గూడ చెల్లదు.

హోంమంత్రి పటేలు ఈ నివేదికను ఏకపక్షమని ఆక్షేపించెను. రజాకార్ల దౌర్జన్యములను చాలినంతగా గణింపలేదని ఆయన యభియోగము. రజాకార్ల దౌర్జన్యము కల్పన కాదు. "ఇమ్రోజ్" సంపాదకుడు షోయబుల్లా ఖానును 1948 ఆగస్టులో వారు హత్య చేసిరి. తెలంగాణ రచయితలు ఆ కాలమును గూర్చి విరివిగనే వ్రాసిరి. కాని అభియోగము నిజమే యైనను దానికి తగినది జవాబు, బీరువా కాదు. నివేదికను ప్రకటించి, లోపమిదియని చూపియుండవచ్చును.

దాచినందువలన పోయినది నేరముల లెక్క మాత్రమేయైన ఇంత విచారింపను. హిందువులు తమ ప్రాణములొడ్డి ముస్లిములను కాపాడిన సంగతులను గూడ ఆ మువ్వురు వ్రాసిరి. ఒకే వృత్తివారి నడుమ ఈ స్నేహము మిక్కుటముగ నుండెనట. కొన్ని చోట్ల హిందూ నేతగాండ్రు ముస్లిము నేతగాండ్రకు అడ్డు నిలిచి, తమవారినే యెదిర్చి, ప్రాణములు గోల్పోయిరి. మతసామరస్యము చెడునను భయముతో మూసిన కాగితములలోనే ఈ సాక్ష్యమును మూతపడినది. మగ్గముల యొద్ద జరిగిన ఆ తెగువ ఏ నవలాకారునికైనను నిధి వంటిది. ఆ తరము రచయితలకు అది చేతికి రాలేదు.

1988లో ఉమర్ ఖాలిదీ సంకలనమున నివేదికలోని భాగములు వెలువడినవి. 2013లో నూరానీ తన హైదరాబాదు గ్రంథమున దీనిని చేర్చెను. ఆ నాటికి ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయమునను చూచు వీలు కలిగినది. జరిగిన ఘటనకు అరువదియైదేండ్లు. దీనిని తెలుగు చేయువారికి ఆ బావి వాక్యము దగ్గర కలము తడబడును. మన భాషలో "హృదయవిదారకము", "దారుణము" ఎల్లప్పుడు సిద్ధముగ నుండును, వానిని దూరముంచవలెను. "పసిబిడ్డ" యన్నచో చాలును, "పాపము" అక్కఱలేదు. 11 అను అంకెను మాత్రము విడువరాదు.