కచేరీ మాటలకు ఒక నిఘంటువు

పట్టాదారు పాసుపుస్తకం. అనంతపురం జిల్లాలో ఎకరా చేను ఉన్న ఇంట్లో కూడా పెట్టెలో భద్రంగా దాచే పుస్తకం ఇది. దీని పేరులో పట్టా సంస్కృత మూలం, దారు పారసీకం, పుస్తకం మళ్లీ సంస్కృతం. నడుమనున్న పాసు ఫ్రెంచి మాట. ఇంగ్లీషు వాళ్లు దాన్ని ఫ్రెంచి నుంచి తీసుకుని వాడుకున్నాక మనదాకా వచ్చింది. ఒక్క తెలుగు ధాతువు లేని ఈ పేరును పరాయి మాటని ఎవరూ అనుకోరు. ఇలా వచ్చి కుదురుకున్న మాటలకు తెలుగులో విడిగా ఒక నిఘంటువు ఉంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1854లో మద్రాసులో అచ్చు వేయించిన మిశ్రభాషా నిఘంటువు అది. బ్రౌన్ పేరు చెప్పగానే వేమన పద్యాలూ, 1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువూ గుర్తొస్తాయి. ఈ మూడో పుస్తకం వాటి నీడన ఉండిపోయింది. పనితనంలో మాత్రం అది వాటికి తీసిపోదు.

ఆ పుస్తకం అవసరం ఎందుకు పడిందో తెలియాలంటే రాయలసీమ చరిత్ర చూడాలి. విజయనగరం పడ్డాక ఈ మెట్టనేల మీద బిజాపూరు, మొగలులు, మరాఠాలు, హైదరాలీ, టిప్పు, నిజాం ఒకరి తర్వాత ఒకరు శిస్తు వసూలు చేశారు. 1800లో నిజాం దీన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. కంపెనీ కలెక్టరు థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టి 1807 దాకా, దత్త మండలాలనే పేరొచ్చిన ఈ ప్రాంతాన్ని పాలించాడు. పొలం పొలమూ కొలిపించి రైత్వారీ పద్ధతి నడిపాడు. పాలకులు మారినా లెక్కల భాష మారలేదు. జిల్లా, తాలూకా, కచేరీ, తహసీలు, జమాబందీ, వసూలు, బాకీ, జప్తు, జామీను, దరఖాస్తు: కరణం నోట, అమీను నోట ఇవే మాటలు.

పండితుల పుస్తకాల్లో వీటికి చోటు తక్కువ. 1821లో ఎ.డి. కాంప్‌బెల్ వేసిన తెలుగు నిఘంటువుకు ఆధారం మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక. కావ్యాలు చదివేవాడికి అది మేలైన తోడు. కానీ జప్తు నోటీసు చేతపట్టుకున్నవాడికి కావ్యపదాలు ఎందుకు?

బ్రౌన్ 1820లో కడపలో ఉద్యోగంలో చేరాడు. వేమన సమాధి ఉన్న కదిరి ప్రాంతం అప్పట్లో కడప జిల్లాలోదే. అర్జీలు విన్నాడు, తగాదాలు తీర్చాడు. తర్వాత కంపెనీకి పారసీక అనువాదకుడిగానూ పనిచేశాడు. అందుకే ఒక మాట పారసీకంలో ఎలా ఉండేదో, రైతు నోట ఎలా మారిందో రెండూ ఆయన చెవికి తెలుసు. హాజిర్ మనకు హాజరు అయింది. రయ్యత్ రైతు అయింది. చివర ఉకారం చేర్చుకోగానే ఆ మాట తెలుగు విభక్తులకు లొంగుతుంది. రైతుకు, రైతుతో, రైతుల అని హాయిగా నడుస్తుంది.

ఆయన ఈ మాటలను పారేయలేదు, దాచనూ లేదు. వాటికి ఒక సంపుటం కేటాయించాడు. వ్యవహారంలో చెవినపడే మాటలకు ఇంగ్లీషు లిపిలో జిల్లా నిఘంటువు అని ఇంకో పుస్తకం 1852లోనే వేశాడు. తెలుగు అక్షరం రాని అధికారికి రైతు మాట విన్నది విన్నట్టు వెతుక్కునే వీలు కలిగింది. ఎవరికి ఏ పుస్తకం కావాలో అంత స్పష్టంగా ఆలోచించిన నిఘంటుకారులు అరుదు.

ఈ మాటల లోపలికి చూస్తే కరువు సీమ బతుకు కనబడుతుంది. కౌలు అంటే అరబ్బీలో మాట, ఇచ్చిన మాట. బీడుపడిన నేలను సాగుకు తెచ్చేందుకు సర్కారు రైతుకు ఇంత శిస్తుకేనని మాట ఇచ్చేది. ఆ హామీ కాగితం కౌలునామా. తకావికి మూలార్థం బలం చేకూర్చడం. విత్తనాలకు, ఎద్దులకు, బావి తవ్వకానికి సర్కారు ఇచ్చే అప్పుకు ఆ పేరు నిలిచింది. రాజీనామా రైత్వారీ లెక్కల్లో ఉద్యోగం వదిలే కాగితం కాదు. ఈ భూమి ఇక సాగు చేయలేను, శిస్తు కట్టలేను అని రైతు రాసిచ్చే కాగితం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం జిల్లాలో ఆ కాగితం వెనుక ఎంత వేదన ఉండేదో ఊహించవచ్చు.

ఇంగ్లీషు కూడా ఇలాంటి దారినే నడిచింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక మూడు వందల ఏళ్లు అక్కడి కోర్టుల్లో ఫ్రెంచిదే రాజ్యం. వాదనలు ఇంగ్లీషులో జరగాలన్న 1362 నాటి చట్టాన్ని సైతం ఫ్రెంచిలోనే రాశారు. మధ్యయుగాల్లో సుమారు పదివేల ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులో చేరాయని పండితుల లెక్క. జడ్జి, కోర్టు, టాక్స్, రెంట్, రెవెన్యూ, సర్వే అన్నీ ఆ దారిన వచ్చినవే. నాగలికి, విత్తడానికి, కోతకు, గొర్రెకు మాత్రం పాత మాటలే మిగిలాయి. ఇక్కడా అంతే. మడక, గొర్రు, గుంటక, కాడి, చేను, వంక, తూము, పదును, కరువు: వీటిని ఏ నవాబూ ఏ కలెక్టరూ మార్చలేదు.

నన్ను ఎక్కువగా కదిలించిన పోలిక ఒకటుంది. ఇంగ్లీషులో సేద్యగాడిని ఫార్మర్ అంటారు. ఆ మాట ఫ్రెంచిలోంచి వచ్చింది. మొదట దాని అర్థం దున్నేవాడు కాదు, నిర్ణయించిన మొత్తం కట్టి శిస్తు వసూలు హక్కు పొందిన గుత్తదారు. తర్వాత కౌలుదారుకు, చివరికి దున్నేవాడికి ఆ పేరు వచ్చింది. మన రైతుకు మూలమైన అరబ్బీ మాటకు కాపరి సంరక్షణలోని మంద అని, ఏలుబడిలోని జనం అని అర్థాలు. పనిముట్లకు తన పేర్లే నిలుపుకున్న మనిషి రెండు దేశాల్లోనూ తన పేరును దొరల లెక్కల పుస్తకం నుంచి తీసుకోవాల్సి వచ్చింది.

మిశ్ర పదాలను వేరుచేయడం సరైనదేనా? బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును కందుకూరి వీరేశలింగం, ఎం. వెంకటరత్నం, డబ్ల్యూ.హెచ్. కాంప్‌బెల్ సవరించి 1903లో మళ్లీ వేశారు. అందులో ఇవి తెలుగు మాటల సరసనే, పక్కన హిందూస్థానీ అనే గుర్తుతో కనిపిస్తాయి. అరబ్బీయా, పారసీకమా అని ఆ గుర్తు చెప్పదు. మాట ఏ గుమ్మంలోంచి మన ఇంట్లోకి వచ్చిందో చెబుతుంది. వాడుకునేవాడికి ఈ కలయికే సుఖం. చరిత్ర చూసేవాడికి మాత్రం 1854 సంపుటమే కావాలి. ఒక పాలన భాష మొత్తం అందులో ఒక్కచోట కనిపిస్తుంది. పొలం మాటలకు అలాంటి ఆదరం దొరకడానికి ఇంకో వందేళ్లు పట్టింది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా సేకరింపజేసిన వ్యవసాయ పదాలు 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటంగా వచ్చాయి.

మండల కార్యాలయంలో ఇప్పుడు అరబ్బీ, పారసీకం కలిసిన తహసీల్దారు, ఫ్రెంచి నుంచి వచ్చిన రెవెన్యూ, తమిళం నుంచి వచ్చిన అడంగల్, పారసీకం నుంచి వచ్చిన బీమా ఒకే కాగితం మీద కూర్చుంటున్నాయి. వాటి పక్కన ఇన్‌పుట్ సబ్సిడీ, ఈ-క్రాప్ చేరాయి. ఈ మాటలను రైతు ఎలా పలుకుతున్నాడో, ఏ అర్థంలో వాడుతున్నాడో చెవితో విని రాసుకుని, 1854 సంపుటానికి కొనసాగింపు తేవాల్సిన పని అలాగే ఉంది. దానికి అనంతపురం కంటే తగిన చోటు నాకు కనిపించడం లేదు.