వానపామును అడిగిన ప్రశ్న

చనిపోవడానికి ఆరు నెలల ముందు, 1881 అక్టోబరులో, చార్లెస్ డార్విన్ చివరి పుస్తకం వచ్చింది. అది వానపాముల మీద రాసిన పుస్తకం. ఆయన 'జాతుల ఉత్పత్తి' చదివితే ఆ మేధ ఎంత గొప్పదో తెలుస్తుంది. అది ఎలా ఆలోచించేదో పక్కనే కూర్చుని చూడాలంటే మాత్రం ఈ చిన్న పుస్తకాన్నే తెరవాలి. విజ్ఞాన గ్రంథాల్లో ఇంత రసవంతమైనది నేను మరొకటి చదవలేదు.

ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, డౌన్ అనే పల్లెలో ఆయన ఇల్లు. చదువుకునే గదిలో కుండీల నిండా మట్టి పోసి వానపాముల్ని పెంచాడు. వాటికి వినబడుతుందా? ఈల ఊది చూశారు. కొడుకు ఫ్రాన్సిస్ బసూన్ అనే పెద్ద గాలివాద్యం వాయించాడు. పక్కనే పియానో మోగించారు. అవి కదలలేదు. చెవిటివని రాసుకుని లేచిపోవడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. డార్విన్ లేవలేదు. కుండీల్ని బల్ల మీంచి తీసి పియానో మీదే పెట్టించాడు. ఒక మంద్రస్వరం పలికిందో లేదో, అవి చటుక్కున బొరియల్లోకి దూరిపోయాయి. గాలిలో వచ్చే ధ్వని వాటికి అందదు, మట్టిలోంచి వచ్చే అదురు అందుతుంది.

కుండీ బల్ల మీంచి పియానో మీదికి చేరిన ఆ క్షణం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. జవాబు రాకపోతే ఆయన వానపామును తక్కువ చేయలేదు, తన ప్రశ్నను మార్చుకున్నాడు. నోరులేని ప్రాణి ఒంటితో జవాబివ్వగలిగేలా అడిగాడు. ప్రయోగం అంటే ఇదే అయితే, దానిలో తెలివి ఎంత ఉందో మర్యాద కూడా అంతే ఉంది.

వానపాములు రాలిన ఆకుల్ని లాక్కెళ్లి బొరియ నోటికి అడ్డు పెడతాయి. సన్నటి కొస పట్టి లాగితే సులువు. ఎక్కువసార్లు అలాగే లాగుతున్నాయని ఆయన గమనించాడు. అది అలవాటేమో? అయితే అవి ఎన్నడూ ఎరగని ఆకు కావాలి. కాగితాన్ని సన్నని త్రిభుజాలుగా కత్తిరించి, మంచుకు నానిపోకుండా కొవ్వు పూసి వేశాడు. 303 త్రిభుజాల్లో నూటికి 62 మొన వైపు నుంచే లోపలికి వెళ్లాయి. అప్పుడూ తృప్తి పడలేదు. ముందు వెడల్పు వైపు లాగి, కుదరక మొన పట్టాయేమోనని కాగితం అంచుల మీద మట్టి మరకలు వెతికాడు. తనకు నచ్చిన జవాబు చేతికి వచ్చాక దాన్నే మళ్లీ నిలదీయడం ఎంత కష్టమో ఆలోచించండి.

1842 డిసెంబరులో ఇంటి దగ్గరి పొలంలో సుద్దముక్కలు చల్లించాడు. వానపాములు కింది మట్టిని తిని పైకి విసర్జిస్తూ పోతే ఆ సుద్ద మెల్లగా కిందికి దిగాలి. ఈలోగా ఆయన పదేళ్ల కూతురు యానీ పోయింది. ప్రపంచాన్ని కుదిపిన పుస్తకం వెలువడింది. దీర్ఘకాలపు జబ్బు వదల్లేదు. 1871 నవంబరులో, 29 ఏళ్ల తర్వాత, అక్కడ కందకం తవ్వించాడు. 7 అంగుళాల లోతున తెల్లటి చార! అద్భుతరసానికి కొండలూ సముద్రాలే కావాలా? గడ్డి కింద ఆ సుద్దచార చాలదూ?

ఇంత అల్పప్రాణి అంత పని చేయలేదని, ఆ కందకానికి ముందే 1869లో ఒకరు డార్విన్ మాటను ఆక్షేపించారు. ఎడతెగక జరిగే చిన్న పనిని కూడి చూడటం మనుషులకు చేతకాదని డార్విన్ బదులు. ఇంగ్లండులో చాలాచోట్ల ఎకరాకు ఏడాదికి 10 టన్నులకు పైగా మట్టి వానపాముల ఒంట్లోంచి సాగి పైకి వస్తుందని ఆయన లెక్క కట్టాడు. జాతుల మార్పునూ ఆయన ఇదే కూడికతో చూశాడు. ఆ పుస్తకానికీ ఈ పుస్తకానికీ చూపు ఒక్కటే.

వానపాములు మట్టిలో కప్పేసిన రోమన్ శిథిలాల అధ్యాయం కాస్త సాగుతుంది. కొలతలు ఎక్కువ, వానపాములు తక్కువ. కానీ 68 ఏళ్ల వయసులో, 1877లో, ఆయన ప్రాచీన శిలావలయం స్టోన్‌హెంజ్ దాకా వెళ్లిన సంగతి మరవలేను. పడిపోయిన ఆ మహాశిలల్ని వానపాములు ఎంత లోతుకు దించాయో చూడాలని వెళ్లాడు. అక్కడ వాటి పని ఆశించినంత జరగలేదు. రాళ్లు కొద్ది లోతుకే దిగాయి. పుస్తకంలో ఉన్నదీ ఆ కొద్ది లోతే.