మానాక చూడాలి పచ్చబొట్టు

పచ్చబొట్టు ఎలా కుదిరిందో వేయించుకున్న రోజు తెలియదు. ఆ రోజు తోలు ఎర్రగా ఉబ్బి ఉంటుంది, గీత నల్లగా నిగనిగలాడుతుంది, ఫోన్లో ఫొటో అదిరిపోతుంది. ఎంత చేతకానివాడు వేసినా అప్పటికి బాగానే కనిపిస్తుంది. పుండు మాని, పొట్టు రాలి, రెండు ఎండాకాలాలు గడిచాక అదే చేతిని మళ్ళీ చూడాలి. తార్నాక, ముషీరాబాద్‌ల వైపు టాటూ కోసం తిరిగే ఉస్మానియా యూనివర్సిటీ పిల్లలు అడిగితే నేను చెప్పేది ఒక్కటే: ఆర్టిస్టు ఆల్బమ్‌లో మానిన బొమ్మలు చూపించమనండి. చూపించలేనివాడి దగ్గర కూర్చోకండి.

ఎందుకంటే ఈ పనిలో బొమ్మ గీయడం సగం కూడా కాదు, మిగతాదంతా తోలు సంగతి తెలియడమే. చర్మం పైపొర ఇంచుమించు నెలకోసారి కొత్తదవుతూ ఉంటుంది. రంగు అక్కడే ఆగితే దానితోపాటే రాలిపోతుంది. సూది ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగి కింది పొరను అందుకోవాలి. అది దాటిందంటే రంగు కొవ్వులోకి పాకి, గీత చుట్టూ నీలంగా మసక కమ్ముతుంది. ముంజేతి లోపలి చర్మం వేరు, భుజం మీదిది వేరు, మణికట్టు దగ్గర ఎముకనంటుకుని ఉండేది వేరు. ఈ తేడా మిషన్‌కు తెలియదు. సూది సెకనుకు వంద సార్ల దాకా దిగి లేస్తుంటే, ఎడమచేత్తో తోలు బిగలాగి పట్టుకుని కుడిచేతికి తగిలే ఒత్తిడిని బట్టే లోతు కనిపెట్టాలి. చెయ్యి నిదానిస్తే ఒకేచోట పొడిచి పొడిచి తోలు చితుకుతుంది. తొందరపడితే గీత చుక్కలు చుక్కలుగా తెగుతుంది.

లోపలికెళ్ళిన రంగును ఒళ్ళు తనదనుకోదు. మాక్రోఫేజ్‌లనే కణాలు దాన్ని మింగి పెట్టుకుంటాయి. అవి చచ్చిపోతే బయటపడ్డ రంగును కొత్తగా వచ్చిన కణాలు మళ్ళీ మింగుతాయి. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ శాస్త్రవేత్తలు 2018లో ఎలుకల మీద ఈ సంగతి తేల్చారు. రంగు అలా ఉండిపోతుంది గానీ, ఏళ్ళు గడిచేకొద్దీ గీత లావెక్కడం మాత్రం ఎవరి తరమూ కాదు.

మన అక్షరాలకు చిక్కంతా అక్కడే. అమ్మ పేరు లక్ష్మి అనుకుందాం. కొడుకు మణికట్టు మీద సన్నగా, చిన్నగా చాలంటాడు. ‘క’కు ‘ష’ ఒత్తు, దానికి తోడు ‘మ’ ఒత్తు, పైన గుడి. గోరంత జాగాలో ఇవన్నీ ఇరికిస్తే ఇవాళ ముత్యాల్లా ఉంటాయి. కొన్నేళ్ళకు గుడిలోని ఖాళీ పూడుకుపోయి, ఒత్తులు రెండూ కలిసిపోయి, నల్లటి ముద్ద మిగులుతుంది. పని తెలిసినవాడు ‘పెద్దగ ఏద్దాం తమ్మీ, లేకుంటే వద్దు’ అంటాడు. కంప్యూటర్లో ఉన్న ఫాంటును ఉన్నదున్నట్టు స్టెన్సిల్ దించడు. ఒత్తును కాస్త కిందికి జరిపి, గుండ్రాలు విప్పి, చేత్తో మళ్ళీ రాస్తాడు. నగరంలో తెలుగు చదవడం రాని మంచి ఆర్టిస్టులూ ఉన్నారు. పైగా తెలుగు సరిగా పలకని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోయి పొల్లుతో పడుతుంటాయి. స్టెన్సిల్ అంటించాక, సూది పెట్టకముందు, కస్టమర్ చేత ఒకసారి పైకి చదివించేవాడికి నేను అక్కడికక్కడే సగం మార్కులు వేస్తాను.

ఈ తెలివి మిషన్‌తో పుట్టింది కాదు. ఎడిసన్ ఎలక్ట్రిక్ పెన్ను ఆధారంగా న్యూయార్క్‌లో శామ్యూల్ ఓ’రైలీ టాటూ మిషన్‌కు పేటెంటు తీసుకున్నది 1891లో. అప్పటికి మన ఊళ్ళలో ఎరుకల ఆడవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి పచ్చబొట్లు పొడుస్తున్నారు. వాళ్ళ పద్ధతిని మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ వివరంగా రాసిపెట్టాడు. పసుపూ అవిసాకూ కలిపి నూరి, ఆ ముద్దను పలచటి గుడ్డలో చుట్టి వత్తిగా చేసి, ఆముదం దీపంలో వెలిగించేవారు. పైన కొత్త కుండ బోర్లించి, దానికి పట్టిన మసిని గీకి, నీళ్ళలోనో చనుబాలలోనో రంగరించేవారు. మూడు నాలుగు కుట్టుసూదులు కలిపి కడితే అదే పనిముట్టు. నొప్పి మరిపించడానికి పాట. కూలి కింద గింజలో, పాత చీరో.

నల్లటి మసే చర్మం కిందినుంచి పచ్చగా, నీలంగా కనిపిస్తుంది. పల్లెల్లో ముసలమ్మల చేతులు ఎప్పుడైనా దగ్గరగా చూడండి: చుక్కలు, తేలు, తులసికోట. గీతకూ గీతకూ మధ్య ఎంత జాగా వదిలారో! సన్నపని రాక అలా వదిలారనుకోను. పోయేటప్పుడు వెంట వచ్చేది పచ్చబొట్టొక్కటే అని నమ్మిన మనుషులకు వేస్తున్నారు కదా, అంతకాలం నిలిచేలాగే వేశారు.

ఆదిలాబాద్ రాజ్‌గోండులకు ఈ పని చేసింది ‘తోటి’ తెగ స్త్రీలు. వాళ్ళ మగవాళ్ళు కిక్రీ వాయిస్తూ గోండుల వంశగాథలు పాడేవారు. ఆ గోండుల జీవితాన్ని పుస్తకాలకెక్కించిన హైమన్‌డార్ఫ్ 1940లలో ఉస్మానియాలో ఆచార్యుడిగా పనిచేసినవాడే. ఇంత దగ్గరి విద్యను వదిలేసి, క్యాంపస్ పిల్లలు పాలినీషియా డిజైన్లు ఎంచుకుంటుంటే నాకు కొంచెం చివుక్కుమంటుంది. అది వాళ్ళిష్టం, వాళ్ళ చెయ్యి.

పాతదంతా గొప్పదని మాత్రం అనను. ఒకే సూదుల కట్ట ఊరందరి చేతుల్లో దిగేది. జాతరలో చెట్టుకింద బ్యాటరీ మిషన్‌తో కూర్చున్నతని దగ్గర ఇప్పటికీ ఆ ప్రమాదం ఉండొచ్చు. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ సూదితో పాటే ప్రయాణిస్తాయి. సూది ప్యాకెట్టు మీ కళ్ళముందే చించాలి, రంగు సీసాలోంచి నేరుగా కాకుండా చిన్న మూతలో పోసుకోవాలి, మిగిలింది పారబోయాలి. టాటూ వేయించుకున్నాక ఏడాది పాటు రక్తదానం కుదరదన్న సంగతీ ఆర్టిస్టే చెప్పాలి.

మంచివాడు రంగు పుస్తకం తెరిచేముందు మన చెవి తమ్మెలు చూస్తాడు. చెవులు కుట్టించినచోట గడ్డ కట్టిందంటే అలాంటి ఒంటికి సూది పెట్టడానికి వెనకాడతాడు. ముదురు చామనఛాయ మీద లేత పసుపు, తెలుపు మానాక నిలవవని చెప్పి ఆ బేరం వదులుకుంటాడు.

ఉస్మానియా దగ్గర దుకాణం పెట్టినవాడు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. తెల్లారకముందే క్యాంపస్‌లో పరిగెత్తే పిల్లల్లో చాలామందికి యూనిఫామ్ ఉద్యోగం మీద ఆశ. కేంద్ర సాయుధ పోలీసు బలగాల నిబంధనల ప్రకారం టాటూ ముంజేతి లోపలివైపు ఉండొచ్చు, అదీ సెల్యూట్ చేయని ఎడమచేతి మీదే. సైజు ఆ భాగంలో నాలుగో వంతుకు తక్కువుండాలి. కుడిచేయి చాపిన కుర్రాడిని ‘ఏ నోటిఫికేషన్ కోసం చదువుతున్నవ్?’ అని అడిగి, జవాబు విన్నాక స్టెన్సిల్‌ను ఎడమచేతికి మార్చే ఆర్టిస్టులు ఇంకా తక్కువే.