కొలత తీసి కట్టిన బండి

ప్రొద్దుటూరు అనగానే ఎవరికైనా బంగారమే గుర్తొస్తుంది. రెండో బొంబాయి అని బిరుదు కూడా తగిలించారు. నన్నడిగితే ఆ బిరుదులో ఇనుము పని చేసేవాళ్ళకూ వాటా ఉండాలి. రంపం, సుత్తి, గ్యాసు మంట, ఒక పాత సైకిలు ఉంటే చాలు, మూడు చక్రాల బండి కట్టి రోడ్డెక్కించే మేస్త్రులు మా వీధుల్లో ఉండేవాళ్ళు. మనుషులెక్కే రిక్షా, బస్తాలు మోసే రిక్షా, సోడాల బండి, ఐసు బండి, నడవలేనివాళ్ళు చేత్తో తిప్పుకుంటూ పోయే బండి, ఏది కావాలంటే అది. జమ్మలమడుగులోనూ పులివెందులలోనూ మంచి పనివాళ్ళున్నారు, కాదనను. పోటీ పెడితే మాత్రం నా ఓటు మా ఊరికే.

రిక్షా జపాన్‌లో 1869 ప్రాంతంలో పుట్టిందంటారు. మనిషి లాగే బండిగా కలకత్తాకు వచ్చి, తర్వాత సైకిలు తగిలించుకుని దేశమంతా పాకింది. మా వైపు ఎప్పుడొచ్చిందంటే పెద్దవాళ్ళు తలా ఒక మాట చెబుతారు, ఆ తగువు మనకెందుకు. రైలు పట్టాలు ప్రొద్దుటూరును తాకిందే 2016లో, ఎర్రగుంట్ల–నంద్యాల దారి పూర్తయ్యాక. అంతకుముందు రైలంటే ఎర్రగుంట్లకు పోవాల్సిందే. ఊళ్ళోకి వచ్చిన సరుకు సందుల్లోకి చేరాలంటే తొక్కుడు బండే దిక్కు.

ఈ బండిలో ఏముంది, సగం సైకిలూ సగం తోపుడు బండీ కదా అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వెనక ఇరుసొకటి చూడండి చాలు. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. రెండింటినీ ఒకే ఇరుసుకు బిగించేస్తే ఏదో ఒకటి నేలమీద రాసుకుపోయి టైరు తినేస్తుంది. కారుకైతే డిఫరెన్షియల్ అని పళ్ళచక్రాల పెట్టె పెడతారు. రిక్షావాడికి అంత స్తోమత ఎక్కడిది? మేస్త్రి ఒక చక్రాన్ని ఇరుసుకు బిగించి, రెండోదాన్ని బేరింగు మీద దాని మానాన తిరగనిచ్చాడు. తొక్కిన బలమంతా ఒక చక్రానికే, మలుపులో రెండోది స్వేచ్ఛగా తిరుగుతుంది. పైసా ఖర్చు లేకుండా చిక్కు తీరిపోయింది.

అతుకుల సంగతి. ఫ్రేము గొట్టాలు పల్చన. కరెంటు వెల్డింగు పెట్టారంటే గొట్టం కాలి చిల్లు పడుతుంది, పడకపోయినా అతుకు పక్కన పెళుసెక్కి ఏదో ఒకనాడు బరువు మీద విరుగుతుంది. పాత మేస్త్రులు గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి, ఇత్తడి కడ్డీ కరిగించి అతుకులోకి పారించేవాళ్ళు. కంసాలి టంకం వేసినట్టే, ఇత్తడి సందులోకి తనంతట తాను పీల్చుకోవాలి, పైన ముద్దగా నిలవకూడదు. నేను ఇత్తడి అతుకు పక్షం. ఈ విషయంలో ఎవరితోనైనా వాదనకు సిద్ధం.

ఇక చక్రం బెండు తీయడం. ఓ మేస్త్రి దగ్గర గంటలకొద్దీ కూర్చుని చూశాను. చక్రాన్ని ఫోర్కులో వేలాడదీసి, సుద్దముక్కను రింగుకు తగిలీ తగలకుండా పట్టుకుని తిప్పుతాడు. సుద్ద గీసిన చోటే వంకర. అక్కడ ఒక వైపు పుల్లను పావు చుట్టు వదిలి, అవతలి వైపు పుల్లను పావు చుట్టు బిగిస్తాడు. మళ్ళీ తిప్పుతాడు. గీత పొట్టిదవుతుంది. చివర్లో పుల్లలన్నీ వేలితో వరసగా మీటుతాడు. ఒకటి బొంగురుగా పలికిందా, అది వదులు. నాలుగు బస్తాల బరువుతో గుంటలో దిగినా ఆ చక్రం ఎనిమిదంకె తిరగదు.

అన్నిటికన్నా గొప్ప పని చేతితో తిప్పే బండి. ఓసారి తెలిసినవాళ్ళ కోసం అడగబోతే మేస్త్రి, “బండి కత తర్వాత సామీ, ముందు మనిషిని పిల్చుకోని రా” అన్నాడు. ఆ మనిషిని ఎత్తు పీట మీద కూర్చోబెట్టి, పురికొసతో భుజం నుంచి పిడికిలి దాకా, నడుము నుంచి మోకాలి దాకా కొలిచాడు. పిడి బాగా దూరంగా ఉన్నప్పుడు కూడా మోచెయ్యి కాస్త వంగే ఉండాలట, నిటారుగా సాగితే సాయంత్రానికి భుజం పోతుందట. పిడి ఏ ఎత్తులో తిరగాలి, సీటు వెనక్కి ఎంత వాలాలి, అన్నీ ఆ పురికొసే చెప్పింది. అసలు విద్య ఇదీ, మనిషికి కొలత తీసి బండి కట్టడం.

మనిషిని చూసి బండి కట్టడమే ఫ్రాన్స్‌లో చార్లెస్ మోషే కూడా చేశాడు. కొడుక్కి సైకిలు ప్రమాదమని తల్లి భయపడితే తొక్కుడు కారు కట్టిచ్చాడట. అదే తర్వాత పెద్దవాళ్ళ వెలోకార్ అయింది. దాన్ని సగానికి కోసినట్టు రెండు చక్రాల మీద వెనక్కి వాలి తొక్కే బండి చేస్తే, దానిమీద ఫ్రాన్సిస్ ఫోర్ 1933 జులైలో ఒక గంటలో 45 కిలోమీటర్ల పైచిలుకు తొక్కి, 1914 నుంచి నిలిచిన ఆస్కర్ ఎగ్ గంట రికార్డును బద్దలు కొట్టాడు. మరుసటి ఏడే అంతర్జాతీయ సైకిలు సంఘం అలాంటి బండ్లను పోటీల్లోంచి వెలివేసింది. గెలిచిన బండిని వెలివేయడం ఎక్కడి న్యాయమో! డెన్మార్క్‌లో కార్ల్ గెయోర్గ్ రాస్ముసెన్ చుట్టూ డొప్ప కట్టిన లైట్రా చేశాడు. నెదర్లాండ్స్‌లో బార్ట్ వెర్హీస్ అల్యూమినియం రేకులను రివెట్లతో బిగించి ఆలెవెడర్ అనే బండికి రూపమిచ్చాడు. విడిభాగాలు కొనుక్కుని జనం ఇంట్లోనే బిగించుకున్నారు. వెలోమొబైల్ అంటే ఇదే, డొప్పలో కూర్చుని తొక్కే మూడు చక్రాల బండి. 2016లో అమెరికాలోని బ్యాటిల్ మౌంటెన్ దగ్గర టాడ్ రైకర్ట్ ఇంజను లేకుండా, డొప్ప కప్పిన రెండు చక్రాల బండి మీద గంటకు 144 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు.

మన ఊళ్ళో ఇలాంటి వెలోమొబైల్ కట్టుకోవచ్చా అంటే, భేషుగ్గా. ముందు రెండు, వెనక ఒకటి చక్రాలు పెట్టాలి. ముందు చక్రాలను తిప్పే స్టీరింగు చేతుల గీతలు వెనక్కి పొడిగిస్తే వెనక ఇరుసు మధ్యలో కలవాలి, అప్పుడే మలుపులో ఏ చక్రమూ ఈడ్వదు. దీనికి కంప్యూటరు అక్కర్లేదు, నేలమీద సుద్దగీతా పురికొసా చాలు. అయితే యూరపు డొప్పను ఇక్కడ దించితే చేసేది బండి కాదు, ఆవిరి కుడుము. అక్కడ చలికీ వానకూ మూస్తారు, కడప ఎండకు మనకు కావాల్సింది నీడా గాలీ. పైగా ముప్ఫై కిలోమీటర్ల వేగంలో గాలే ప్రధాన శత్రువు గానీ, బరువు వేసుకుని పది పన్నెండు కిలోమీటర్లతో పోయేవాడికి టైరు గాలీ, బండి బరువే ముఖ్యం. కాబట్టి వెదురు బద్దల టాపు, తెల్లటి గుడ్డ, పక్కలు ఖాళీ. మన పాత రిక్షా టాపే! జమ్మలమడుగు నుంచి గండికోట ఎక్కాలంటే చిన్న గేరు తప్పదు. కంపముళ్ళకు పాత టైరును కోసి కొత్త టైరు లోపల పొరగా వేసే మన చిట్కాను మించింది లేదు.

ఇంత విద్యా ఏమైంది? రిక్షాలు ఇనుపసామాన్లవాడికి కిలోల లెక్కన పోయాయి. ఆటో వచ్చింది, బ్యాటరీ బండి వచ్చింది, రిక్షా తొక్కే కష్టం తప్పింది, మంచిదే. మనిషి చెమటను కీర్తించడం నా ఉద్దేశం కాదు. నాకు కోపమొచ్చేది చవక నకళ్ళ మీద. సభ పెట్టి, దండలేసి పంచే చేతి బండ్లు చూడండి. పొట్టివాడికీ పొడుగువాడికీ ఒకటే సీటు, ఒకటే పిడి. భుజం నొప్పి పుట్టి మూలన పడేస్తే, ఇచ్చినా వాడుకోడు అని వాడిమీదే నింద. అతుకుల మీద పెయింటు కింద తుప్పు, గోటితో గీకితే రాలే వెల్డింగు, పుల్లలు వదులైన చక్రాలు. ఇది దానమా, అవమానమా? ఆ డబ్బులో కొంత ఊళ్ళో మేస్త్రికిచ్చి, మనిషిని చూసి కట్టమంటే ఎంత బాగుండేది!

పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, ప్రొద్దుటూరులో యోగివేమన విశ్వవిద్యాలయం వారి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. అక్కడి పిల్లలకు నా మనవి ఒకటే. మీ చివరి ఏడాది ప్రాజెక్టు ఎక్కడినుంచో దించుకోకండి. వయసు మళ్ళిన రిక్షా మేస్త్రి ఒకరిని వెతికి పట్టుకుని, ఆయన పక్కన కూర్చుని కొలతలు రాసుకోండి. ఆయన చేత ఒక బండి కట్టించండి, కూలి మాత్రం పూర్తిగా ఇవ్వండి. కట్టిన బండిని మీ ఊళ్ళో నడవలేని ఒకరికి, వాళ్ళ చేతి కొలతకు సరిచేసి ఇవ్వండి.