చిటికెన వేలికి తిమ్మిరి ఉందా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల... ఏ మందుల దుకాణం ముందు నిలబడ్డా వినబడే మాట ‘నరాల వీక్‌నెస్’. చేతులు తిమ్మిరెక్కినా అదే, అరికాళ్లు మండినా అదే. చిట్టీ మీద మేం రాసే ‘న్యూరోపతి’ మాత్రం ఏం తక్కువ? నరం చెడిందంటుంది, ఎందుకు చెడిందో చెప్పదు. ఆ మాట రాసి ఊరుకున్న డాక్టరు సగం పనే చేసినట్టు.

బీడీలు చేసే అక్కలకు చాట ఒళ్లోకి వచ్చిందంటే వేళ్లకు విరామం ఉండదు. తునికాకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, మూతి మడిచి దారం కట్టాలి. కూలీ వెయ్యి బీడీల లెక్క. “రాత్రి చెయ్యి మొద్దుబారుతది సార్, లేచి ఇదిలిస్తే జర నయమైతది” అంటారు. చిటికెన వేలికి కూడానా అని అడుగుతాను. ఒక్కో వేలూ నొక్కి చూసుకుని, “లే, గది మంచిగనే ఉన్నది” అంటే సగం చిక్కు వీడినట్టే. మణికట్టు ఇరుకులో నలిగే మీడియన్ నరం బొటనవేలి నుంచి ఉంగరం వేలి సగం దాకానే. చిటికెన వేలిది వేరే నరం. మీడియన్ నరం ఇలా నలగడాన్నే కార్పల్ టన్నెల్ అంటారు. థైరాయిడ్, షుగర్ చూస్తాం, రాత్రిళ్లు మణికట్టు వంగకుండా పట్టీ ఇస్తాం. పని తగ్గించమనడానికే నోరు రాదు.

సాంచాల (మరమగ్గాల) దగ్గర షిఫ్టంతా నిలబడే మనిషి కథ వేరు. రెండు పాదాలూ వేళ్ల నుంచి పైకి, మేజోళ్లు తొడిగినట్టు మొద్దుబారతాయి. ఎక్కువగా షుగరే కారణం. కళ్లు మూసుకొమ్మని, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును అరికాలికి ఆనిస్తాను. పోగు వంగింది. “ఎప్పుడు పెడ్తరు సార్?” మగ్గం మీద తెగిన పోగును ఇట్టే పట్టేసే మనిషి!

ఇద్దరూ అడిగేది ఎర్ర సూదే. అది బి12. ఏళ్లకేళ్లు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బి12 తగ్గొచ్చు కాబట్టి కొందరికి అవసరమే. నలిగిన నరానికి మాత్రం అది మందు కాదు.

కుష్ఠు కూడా నరాల జబ్బేనని మనం మర్చిపోయాం. పక్కనే నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్ ఒకప్పుడు దానికోసమే ఆస్పత్రి పెట్టారు. చర్మం మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనిపిస్తే సర్కారు దవాఖానకు వెళ్లాలి. మందులు ఉచితం, రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో వాడాలి.