గయ్యాళికీ ఒక గతముంది

తెలుగు తెరకు గయ్యాళి కొత్త కాదు. కాకినాడ సీమ బిడ్డ సూర్యకాంతం ‘గుండమ్మ కథ’ (1962)లో ఆ పాత్రకు ప్రాణం పోసింది. గుండమ్మ నోటికి ప్రేక్షకులు నవ్వారు, చివర ఆమె తల వంచితే తృప్తిపడ్డారు. ఆ నోరు అలా ఎందుకు తయారైందని మాత్రం అడగలేదు.

ఆ ప్రశ్నను బి.వి. నందినీరెడ్డి ‘ఓ బేబీ’ (2019) అడిగింది. కొరియా చిత్రం ‘మిస్ గ్రానీ’ (2014)కి ఇది అనుసరణ. సాధింపులతో కోడలిని ఆస్పత్రి పాలుచేసిన వృద్ధ వితంతువు హఠాత్తుగా యువతి అవుతుంది. లక్ష్మి, సమంత పంచుకున్న ఈ పాత్రలో, చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని ఒంటరిగా కొడుకును పెంచిన స్త్రీ గతం కనబడుతుంది. లోకం ఆమెకు మిగిల్చిన ఆస్తి కొడుకొక్కడే. అందుకే కోడలు ఆమె కంటికి ఆక్రమణదారు. గయ్యాళితనం స్వభావం కాదు, పరిస్థితుల ఫలితమన్న ఈ దృక్పథం అభినందనీయం.

అయితే చిత్రం సగం దారిలో ఆగిపోయింది. యౌవనం మాయవల్ల వచ్చి, మనవడికి రక్తమివ్వడంతో పోతుంది. అంటే మళ్ళీ త్యాగమే! తల్లిగా త్యాగం చేస్తేనే ఆమెకు క్షమ దొరికింది. ఆమెను ఒంటరిని చేసిన వ్యవస్థ మాత్రం బోనెక్కలేదు. మంచిది కాని స్త్రీకి కూడా న్యాయం కావాలని నవ్విస్తూనే నిలదీసే చిత్రం మనకింకా రావలసే ఉంది.